పిల్లప్పుడు ఒక రంగు, పెద్దయ్యాక ఇంకో రంగు: కోడి ఈక అసలు ఎప్పుడు తేలుతుంది?

చిరాగ్‌పల్లి నుంచి మాట్లాడుతున్నా. మన ఊరు తెలియనివాళ్లకి ఒక్క మాట చెప్తా. హైదరాబాద్ నుంచి సోలాపూర్ పోయే హైవే మీద జహీరాబాద్ దాటి, కర్ణాటకలో అడుగుపెట్టే ముందు వచ్చే చెక్‌పోస్ట్ ఊరు మాది. అందుకే ఇక్కడ కోళ్ల గురించి మాట్లాడితే తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ కలిసిపోతాయి.

ఈరోజు టాపిక్ కోడి రంగు. ముఖ్యంగా వయసుతో పాటు ఆ రంగు ఎట్ల మారుతుంది, ఎందుకు మారుతుంది అన్నది చూద్దాం. "రంగు గురించి అంత సేపా?" అనుకోకండి. దీంట్లో రెండు పెద్ద నష్టాలున్నాయి. ఒకటి డబ్బు. ఫోన్‌లో వారం రోజుల పిల్ల ఫోటో చూసి, "ఇది ప్యూర్ డేగ అవుతుంది అన్నా" అన్న మాట నమ్మి, వేలకు వేలు పంపేస్తున్నారు. రెండోది ప్రాణం. రెండు నెలల నల్ల పిల్లకి రెక్క చివర రెండు తెల్ల ఈకలు కనపడగానే "ఇది క్రాస్" అని కూరకి పంపేస్తున్నారు. అది నాలుగు నెలలు ఆగితే కాకిలాగా నిగనిగలాడే పుంజు అయ్యేది. తెలియక మంచి రక్తాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

కాబట్టి ఈ ఎపిసోడ్ పూర్తిగా వినండి.

ముందు ఒక్క సూత్రం

చిన్నప్పుడు సంతలో ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగు కోడిపిల్లలు చూసే ఉంటారు. ఒకటి కొనమని ఇంట్లో ఏడ్చే ఉంటారు. కొన్నాక ఏమైంది? కొన్ని వారాలకి గులాబీ రంగు పోయి మామూలు తెల్ల కోడో ఎర్ర కోడో అయ్యింది. ఎందుకంటే ఆ రంగు పూసింది నూగు మీద. నూగు రాలిపోయి లోపలి నుంచి కొత్త ఈక వచ్చింది. కొత్త ఈక తన రంగు తానే తెచ్చుకుంది.

సూత్రం ఇదే. ఈక పెరిగేటప్పుడే దానికి రంగు పడుతుంది. పూర్తిగా పెరిగిన ఈక మన గోరులాంటిది, ప్రాణం ఉండదు. దానిలోకి కొత్తగా రంగు ఎక్కదు. ఎండకి వెలుస్తుంది, మట్టికి మాసిపోతుంది, అంచు అరుగుతుంది, అంతే. నిజంగా రంగు మారాలంటే పాత ఈక రాలి, అదే రంధ్రం నుంచి కొత్త ఈక రావాలి.

అంటే "నా కోడి రంగు మారింది" అని ఎవరైనా అంటే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఈకలు రాల్చిందా?" అని.

రంగులు ఎన్ని? నిజానికి రెండే

కోడి ఒంటి మీద ఇన్ని రంగులు కనిపిస్తాయి కదా, వాటి వెనక ఉన్న రంగు పదార్థాలు ముఖ్యంగా రెండే. ఒకటి నలుపు ఇచ్చేది, దాని పేరు యూమెలనిన్. రెండోది ఎరుపు, బంగారు, గోధుమ ఛాయలు ఇచ్చేది, దాని పేరు ఫియోమెలనిన్. రెండూ లేకపోతే తెలుపు. మన తల వెంట్రుకల్లో ఉండేవి కూడా ఇవే.

మరి కాకి పుంజు తోక మీద ఎండలో మెరిసే ఆ ఆకుపచ్చ? అక్కడ ఆకుపచ్చ రంగు పదార్థం ఏమీ లేదు. నల్ల రంగు రేణువులు ఈకలో పొరలుగా పద్ధతిగా పేర్చుకుని ఉంటాయి. వెలుతురు వాటి మీద పడి తిరిగొచ్చేటప్పుడు ఆకుపచ్చగా కనిపిస్తుంది. సబ్బు బుడగ మీద రంగులు కనిపించినట్టే. అందుకే నీడలో నల్లగా, ఎండలో పచ్చగా ఉంటుంది.

ఈ రంగు తయారుచేసే కణాలు గుడ్డులో పిండం దశలోనే వెన్ను వైపు పుట్టి, అక్కడి నుంచి చర్మం అంతా పాకుతాయి. ప్రతి ఈక మొదట్లో కూర్చుని, ఈక పెరుగుతున్న కొద్దీ దానిలోకి రంగు పంపుతాయి. ఏ రంగు పంపాలి, ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది జన్యువులు, హార్మోన్లు చెప్తాయి. ఒకే ఈకలో నలుపు, తెలుపు పట్టీలు వచ్చేది కూడా ఇట్లనే. కాసేపు రంగు పంపి, కాసేపు ఆపి, మళ్లీ పంపడం వల్ల.

ఈకల క్యాలెండర్

ఇప్పుడు వయసు లెక్క చూద్దాం. జాతిని బట్టి, మేతను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

గుడ్డులోంచి బయటికొచ్చిన రోజు ఒంటి నిండా నూగు. మొదటి వారాల్లో రెక్కల ఈకలు, తర్వాత తోక, భుజాలు, రొమ్ము వస్తాయి. నెల, నెలన్నర వయసుకి నూగు దాదాపు పోయి మొదటి జత ఈకలు నిండుతాయి. ఇది పిల్ల ఈక. చాలామంది దీన్నే చూసి ఫైనల్ రంగు అనుకుంటారు. కాదు.

రెండు, మూడు నెలల మధ్య ఆ పిల్ల ఈక కూడా రాలుతూ రెండో జత వస్తుంది. పుంజు, పెట్ట తేడా ఈకల్లో బయటపడేది ఇక్కడే. పుంజుకి మెడ మీద, నడుం మీద సన్నగా మొన తేలిన ఈకలు మొదలవుతాయి. పెట్టకి అవే చోట్ల గుండ్రటి అంచు ఉంటుంది.

ఐదారు నెలలకి పెద్ద ఈక వస్తుంది. అసీల్ లాంటి నిదానంగా ఎదిగే జాతికి ఇంకా టైం పడుతుంది. తోక కొడవలి ఈకలు, మెడ జూలు నిండుగా రావాలంటే ఏడాది దగ్గరపడాలి.

ఏడాది దాటాక, పొద్దు తగ్గే కాలంలో, ఏటా ఒకసారి మొత్తం ఈకలు మారుస్తుంది. ముందు తల, మెడ, తర్వాత రొమ్ము, ఒళ్లు, చివరికి రెక్కలు, తోక. ఆ టైంలో పెట్ట గుడ్లు ఆపేస్తుంది. జబ్బు చేసిందని కంగారు పడకండి. ఈక అంటే ముఖ్యంగా ప్రొటీనే కాబట్టి ఆ రోజుల్లో మేతలో ప్రొటీన్ పెంచాలి.

ప్రదర్శనల్లో ఏడాది లోపు పుంజుని, ఏడాది దాటిన పుంజుని వేరు వేరు వర్గాల్లో ఎందుకు చూస్తారో ఇప్పుడు అర్థమైంది కదా. పెట్టలకీ అంతే. ఒకే కోడి అయినా ఈక వేరు, నిండు వేరు.

మన పేర్లు, వాటి వెనక కథ

మన దగ్గర అసీల్‌కి రెండు రకాల పేర్లు నడుస్తాయి. కోస్తా వైపు తెలుగు పేర్లు: కాకి అంటే నలుపు, సేతువ అంటే తెలుపు, డేగ అంటే ఎరుపు, నెమలి అంటే రెక్కల మీదో వీపు మీదో పసుపు ఈకలున్నది, పూల అంటే ఒక్కో ఈకలోనే నలుపు, తెలుపు, ఎరుపు కలిసినది, పింగళ అంటే తెలుపు మీద అక్కడక్కడా నలుపో గోధుమో ఉన్నది. హైదరాబాద్, జహీరాబాద్ వైపు ఉర్దూ పేర్లు: కాగర్ అంటే నలుపు, నూరీ అంటే తెలుపు, యాకూబ్ అంటే నలుపు ఎరుపు, పీలా అంటే బంగారు ఎరుపు. అసీల్ అన్న మాటకే "మేలు వంశం" అని అర్థం. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీ జాతుల జాబితాలో అసీల్ ఉంది, దాని సొంత ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది.

గుర్తుపెట్టుకోండి, ఈ పేర్లన్నీ ఎదిగిన కోడికి పెట్టినవి. పిల్లకి కాదు. ఒక్కొక్కటీ చూద్దాం.

కాకితో మొదలుపెడదాం. పూర్తి నల్ల కోడి పిల్ల పుట్టినప్పుడు పూర్తి నల్లగా ఉండదు. వీపు నలుపు, పొట్ట కింద, గొంతు దగ్గర, రెక్క చివర తెలుపో లేత పసుపో ఉంటుంది. మొదటి జత ఈకల్లో కూడా రెక్క చివర తెల్ల ఈకలు రావచ్చు. ఇది కల్తీ గుర్తు కాదు. నల్ల కోళ్లలో ఇది మామూలే. పెద్ద ఈక వచ్చేసరికి చాలావాటిలో పోతుంది. ఆరేడు నెలలకి కూడా తెలుపు ఉంటే అప్పుడు ఆలోచించాలి. రెండు నెలలప్పుడు కత్తి తీయకండి.

డేగ, యాకూబ్ వైపు వద్దాం. ఇక్కడ పెద్ద తికమక ఉంది. కొన్ని పిల్లలు ఉడుతలాగా వీపు మీద చారలతో పుడతాయి. అడవి కోడి పిల్ల కూడా ఇట్లనే ఉంటుంది, ఆకుల్లో దాక్కోవడానికి పనికొస్తుంది. ఇంకొన్ని పిల్లలు చారల్లేకుండా లేత గోధుమ గడ్డి రంగులో పుడతాయి. అసీల్‌లో ఈ రెండో రకం బాగానే కనిపిస్తుంది. తమాషా ఏంటంటే, ఈ రెండు రకాల పిల్లల్లో పుంజులు పెద్దయ్యాక దాదాపు ఒకేలా ఉంటాయి: రొమ్ము నలుపు, మెడ, నడుం ఎరుపు. తేడా తెలియాలంటే ఈకలు పక్కకి తీసి మొదట్లో చూడాలి. చారల రకానికి లోపల బూడిద రంగు, గడ్డి రకానికి లోపల లేత తెలుపు ఉంటుంది. కానీ వాటి అక్కాచెల్లెళ్లు మాత్రం అస్సలు కలవవు. చారల రకం పెట్ట మట్టి గోధుమ రంగులో కంజు పిట్టలాగా, గడ్డి రకం పెట్ట గోధుమ గింజలాగా ఉంటుంది. అంటే పుంజుని మాత్రమే చూసి జత కడితే పిల్లల్లో ఏం వస్తుందో చెప్పలేం. ఆ పుంజు తోబుట్టువు పెట్టల్ని కూడా చూడాలి.

ఇంకో మాట. చారల రకంలో పుంజు పిల్ల కూడా మొదటి జత ఈకల్లో పెట్టలాగే గోధుమగా ఉంటుంది. రెండు నెలలు దాటాక రొమ్ము మీద నల్ల ఈకలు, భుజాల మీద ఎర్ర ఈకలు పొడుస్తాయి. ఆరు వారాల పిల్లని పట్టుకుని "ఇది డేగ, ఇది నెమలి" అని ధర చెప్పేవాడు చెప్పేది అంచనా మాత్రమే. ఆ అంచనాకి మీరు గ్యారంటీ ధర కట్టొద్దు.

సేతువ కథ వేరు. పసుపు నూగు ఉంటే పసుపు కోడి అవ్వదు, ఫారం బాయిలర్ పిల్ల చూడండి, పసుపుగా పుట్టి తెల్లగా అవుతుంది. తెలుపులో రెండు రకాలు. ఒకటి బలమైన తెలుపు, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా నలుపుని కప్పేస్తుంది. కానీ ఒక్క వైపు నుంచే వస్తే అక్కడక్కడా నల్ల చుక్కలు కారుతుంటాయి. తెల్ల కోడికి నల్ల మచ్చలొస్తే తల్లిదండ్రుల్లో ఒకటి రంగు కోడి అయ్యుండొచ్చని ఊహించొచ్చు. రెండో రకం తెలుపు దాక్కునే రకం. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. రెండు రంగు కోళ్లకి హఠాత్తుగా తెల్ల పిల్ల పుడితే పెట్ట మీద అనుమానపడకండి, ఇదే కారణం కావచ్చు.

చివరగా పూల. ఈక చివర తెల్ల చుక్క ఉండే కోళ్లలో చాలావాటికి ఏటా ఈకలు మార్చినప్పుడల్లా తెలుపు పెరుగుతుంది. మొదటి ఏడాది సరిగ్గా చుక్కలు పడి ముచ్చటగా ఉన్న కోడి మూడో ఏడాదికి సగం తెల్లబడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇట్లాంటి వాటిలో చిన్న వయసులో కొంచెం ఎక్కువ నలుపు ఉన్నదాన్ని ఉంచుకుంటారు. ఇప్పుడు తక్కువ చుక్కలున్నదే రేపు అందంగా నిండుతుంది.

కడక్‌నాథ్: రెండు వేరు విషయాలు కలిపేయకండి

కడక్‌నాథ్ మీద అందరికీ ఉండే డౌట్ ఒకటే: "పిల్ల మీద చారలున్నాయి, మెడ మీద బంగారు రంగు వచ్చింది, ఇది డూప్లికేటా?"

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లో ఝాబువా వైపు కోడి. 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానిలో ఈకల రంగులోనే మూడు రకాలున్నాయి: పూర్తి నలుపు, సన్న గీతలది, బంగారు ఛాయది. పిల్లలు నీలి నలుపులో, వీపు మీద అడ్డదిడ్డంగా ముదురు చారలతో పుట్టడం మామూలే. కాబట్టి మెడ మీద బంగారం చూసి దాన్ని తిట్టకండి.

కడక్‌నాథ్ ప్రత్యేకత ఈకలో లేదు, చర్మంలో, మాంసంలో, ఎముక మీది పొరలో ఉంది. రంగు కణాలు చర్మం దగ్గర ఆగకుండా ఒళ్లంతా పాకడం వల్ల లోపల కూడా నలుపే. దీనికి కారణం ఒక జన్యు మార్పు. డీఎన్ఏలో ఒక ముక్క రెండింతలైంది, దానివల్ల రంగు కణాలని పెంచే సంకేతం ఎక్కువైంది. చైనా సిల్కీ కోడిలో కూడా ఇదే మార్పు. ఆ సిల్కీ ఈక తెల్లగా ఉన్నా చర్మం నల్లగానే ఉంటుంది చూశారా? ఈక రంగు, చర్మం రంగు వేరు వేరు అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ నల్ల చర్మం జన్యువు బలమైనది, క్రాస్ పిల్లల్లో కూడా నలుపు బాగానే వస్తుంది. కాబట్టి "నాలుక నలుపు, కాళ్లు నలుపు, ప్యూర్" అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. తల్లిదండ్రుల మందని చూడాలి, ఒకే జతకి పుట్టిన చాలా పిల్లల్ని కలిపి చూడాలి. ప్యూర్ అన్నది ఒక్క కోడి ఫోటోలో కనపడదు, వంశంలో కనపడుతుంది.

రంగుతో పుంజు, పెట్ట కనిపెట్టడం

కోళ్లలో లెక్క మనకి తిరగేసి ఉంటుంది. పుంజుకి జెడ్ క్రోమోజోములు రెండు, పెట్టకి జెడ్ ఒకటి, డబ్ల్యూ ఒకటి. అంటే తల్లి జెడ్ కొడుకులకి మాత్రమే పోతుంది. కూతుళ్లకి జెడ్ తండ్రి నుంచి మాత్రమే వస్తుంది.

బంగారు, వెండి ఛాయల జన్యువు ఈ జెడ్ మీదే ఉంది. బంగారు పుంజుని వెండి పెట్టతో కలిపితే కొడుకులంతా వెండి, కూతుళ్లంతా బంగారం. పుట్టిన రోజే నూగు చూసి చెప్పేయొచ్చు. గోధుమ రంగు గుడ్లు పెట్టే కమర్షియల్ లేయర్ కంపెనీలు ఈ లెక్క బాగా వాడతాయి.

నలుపు తెలుపు పట్టీల కోడి జన్యువు కూడా జెడ్ మీదే. పట్టీల పెట్టని పట్టీల్లేని నల్ల పుంజుతో కలిపితే, కొడుకు పిల్లల తల మీద లేత మచ్చ ఉంటుంది, కూతుళ్లకి ఉండదు. అదే రెండు వైపులా పట్టీల జాతి అయితే పుంజుకి ఆ జన్యువు రెండుసార్లు వస్తుంది కాబట్టి పుంజు పెట్టకంటే లేతగా ఉంటుంది. "పుంజు తెల్లబడింది, కల్తీ" అనుకోవద్దు.

నీలి బూడిద రంగు కోళ్లు పెంచేవాళ్లకి ఇంకో లెక్క. రెండు నీలి కోళ్లని కలిపితే అన్నీ నీలివి రావు. సగటున నాలుగింటిలో ఒకటి నలుపు, రెండు నీలం, ఒకటి తెలుపు మీద నీలి మరకలది. అన్నీ నీలివే కావాలంటే నల్లదాన్ని మరకలదానితో కలపాలి. పన్నెండు పిల్లల్లో ఆరే నీలివి వచ్చాయని అమ్మినవాడితో గొడవ పడకండి. లెక్కే అంత.

పెట్ట పుంజు వేషం వేస్తే?

మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది కదా, పెట్ట కూస్తే అరిష్టం అని. వెంటనే కోసేస్తారు. యూరప్‌లో కూడా ఇట్లాంటిదే జరిగింది. 1474లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్లో "పుంజు గుడ్డు పెట్టింది" అని దాని మీద విచారణ నడిపి, మంటల్లో కాల్చేశారు.

అసలు సంగతి చాలా సింపుల్. కోళ్లలో పుంజులాంటి మెరిసే, మొన తేలిన ఈక అనేది మామూలు స్థితి. పెట్ట శరీరంలో ఈస్ట్రోజన్ హార్మోన్ ఉంటేనే పెట్ట ఈక వస్తుంది. పెట్టకి సాధారణంగా పనిచేసేది ఎడమ వైపు అండాశయం ఒక్కటే. ముసలితనం వల్లో, గడ్డ లేచో అది ఆగిపోతే ఈస్ట్రోజన్ తగ్గుతుంది. తర్వాత ఈకలు మార్చినప్పుడు పుంజు ఈక వస్తుంది, తురాయి పెరుగుతుంది, కొన్నిసార్లు కూత కూడా వస్తుంది. అది అరిష్టం కాదు, ఆ పెట్ట లోపల ఆరోగ్యం గురించి చెప్తున్న కబురు. గుడ్ల కోసం దాన్ని నమ్ముకోవద్దు, అంతే.

ఇక్కడ కూడా మన సూత్రమే. హార్మోన్ ఈరోజు మారినా పాత ఈక అట్లనే ఉంటుంది. కొత్త ఈక వచ్చాకే కబురు బయటికొస్తుంది.

మేత, ఎండ, చేతులు

జన్యువు రాసిన రంగుని మనం మార్చలేం. కానీ పాడుచేయగలం.

ఈక పెరిగే టైంలో మేతలో ప్రొటీన్, రాగి, ఇనుము లాంటివి బాగా తగ్గితే నల్ల, ఎర్ర ఈకల్లో రంగు పలచబడుతుంది. ఉత్త నూకలు, జొన్నలు వేసి పోటీ కోడి కావాలంటే కష్టం. పల్లీ చెక్క, సోయా చెక్క, పురుగులు, ఆకుకూర కూడా తగలాలి. ఈక పెరిగేటప్పుడు జ్వరమో, ఆకలో, భయమో వస్తే ఈక మీద అడ్డంగా సన్న గీత పడుతుంది. ఆ గీత మళ్లీ ఈక మారేదాకా పోదు.

కాళ్ల పసుపు మాత్రం ఈక లెక్క కాదు. అది మేత నుంచి వస్తుంది, మక్కజొన్న, పచ్చగడ్డి నుంచి. గుడ్లు పెట్టే పెట్ట ఆ పసుపుని పచ్చసొనలోకి పంపుతుంది కాబట్టి కాళ్లు వెలవెలబోతాయి. గుడ్లు ఆపాక మళ్లీ వస్తుంది.

ఎండ సంగతి. మన వైపు ఏప్రిల్, మే ఎండకి తెల్ల కోడి పసుపెక్కుతుంది, నల్ల కోడి తుప్పు రంగు తేలుతుంది. నీడ ఉండాలి. చెట్టు నీడే బెస్ట్.

ఆఖరిది మన చేతులు. అడ్డం వచ్చిన తెల్ల ఈకని పీకేసే అలవాటు మానండి. కోడికి నొప్పి, పైగా రంధ్రం దెబ్బతింటే తిరిగొచ్చే ఈక తెల్లగా వచ్చే అవకాశం ఉంది. కొత్తగా పొడిచే ఈక మొదట్లో నెత్తురు ఉంటుంది, దాన్ని పీకితే నెత్తురు కారుతుంది. రంగు పూయడం అయితే పచ్చి మోసం.

కొనేటప్పుడు, పెంచేటప్పుడు ఏం చేయాలి?

ఫోన్ వాడే మన బ్యాచ్‌కి కొన్ని పాయింట్లు.

ఒకటి, ఫోటో కాదు, వీడియో అడగండి. పొద్దున ఎండలో, ఫిల్టర్ లేకుండా. ఫోన్ కెమెరా తనంతట తానే వెలుతురు సరిచేస్తుంది కాబట్టి ఎరుపు ఒక ఫోన్‌లో ఇటుకలా, ఇంకో ఫోన్‌లో బంగారంలా కనిపిస్తుంది. పక్కన తెల్ల కాగితం పెట్టి తీయమనండి. కాగితం పసుపుగా కనిపిస్తే కోడి రంగు కూడా తప్పే.

రెండు, రెక్క విప్పి చూపించమనండి. ఈకలు పక్కకి తీసి మొదట్లో రంగు చూపించమనండి. తల్లిని, తండ్రిని ఒకే వీడియోలో చూపించమనండి.

మూడు, నూగు వయసులో కొంటే పిల్ల ధరకే కొనండి. రంగు పేరుతో ధర కట్టాలంటే ఆరు నెలలు దాటినదానికే కట్టండి.

నాలుగు, పెంచేవాళ్లు ప్రతి పిల్లకి కాలి రింగు వేసి నంబర్ రాయండి. పుట్టిన రోజు, ఒకటి, రెండు, మూడు, ఆరు, పన్నెండు నెలలకి ఒకే చోట, ఒకే టైంలో ఫోటో తీసి ఆ నంబర్‌తో దాచుకోండి. రెండేళ్లు చేస్తే మీ మందలో ఏ నూగు ఏ రంగు అవుతుందో మీ ఫోనే చెప్తుంది. ఏ పుస్తకమూ మీ మంద గురించి అంత చెప్పలేదు.

ఐదు, జత కట్టేందుకు కనీసం ఒకసారి ఏడాది ఈకలు మార్చిన కోడిని ఎంచుకోండి. దాని రెండో ఈక కూడా బాగుంటేనే ఆ రంగు నిలిచేది. రంగు కోసం అన్నాచెల్లెళ్లనే మళ్లీ మళ్లీ కలిపితే గుడ్లు పొదగవు, పిల్లలు బతకవు. రంగు మిగిలి, కోడి పోతుంది.

ఆరు, రంగు కంటే ముందు టీకా. కొక్కెర తెగులు వస్తే కాకీ లేదు, సేతువా లేదు. పశువుల ఆసుపత్రిలో అడగండి. పెరటి కోళ్ల గురించి ఇంకా తెలుసుకోవాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ అక్కడ తయారైనవే.

చివరగా, ఈ కోళ్లు ఎందుకు?

అసీల్ అనగానే అందరికీ పందెమే గుర్తొస్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువులని పోట్లాడించడం నేరం. డబ్బు కడితే జూదం కేసు కూడా. కత్తి కట్టిన కోడి రంగు చూసుకోవడానికి రెండో ఏడాది ఉండదు కదా.

ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు ఇదే పిచ్చి. 1835లో చట్టం తెచ్చి కోడి పందేలు ఆపారు. పదేళ్లకి, 1845లో లండన్ జూలో కోళ్ల ప్రదర్శన పెట్టారు. 1865లో ఏ జాతికి ఏ రంగు, ఏ ఆకారం ఉండాలో పుస్తకమే వేశారు. పోట్లాడే కోడి బతికి, అందం చూపించే కోడి అయ్యింది. మనకి దగ్గర్లో చూస్తే తమిళనాడు దిండిగల్ వైపు చిలక ముక్కు, పొడవు తోక అసీల్‌కి ప్రదర్శనలు జరుగుతున్నాయి. అక్కడ కోడి గెలిస్తే ప్రాణంతో ఇంటికొస్తుంది. మర్నాడు కూడా కూస్తుంది.

మన దగ్గర కూడా ఆ దారి రావాలని నా కోరిక. దానికి మొదటి మెట్టు ఓపిక. పిల్లని చూసి తీర్పు చెప్పకండి. మొదటి ఈక పోనీయండి, రెండోది రానీయండి, ఏడాది తిరగనీయండి. అప్పుడు చూసి మాట్లాడదాం.

వచ్చే ఎపిసోడ్‌లో పొదుగు గుడ్లు ఎట్ల ఎంచుకోవాలో, ఎన్ని రోజులు దాచొచ్చో చెప్తా. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.